మీ మాటా, శ్రీసభ మాటా?



కొద్ది నెలల క్రితం మా విచారణలో ఒక ఇంట్లో జపమాల ముగిసి, టీ గ్లాసులు చేతికి వచ్చే వేళకు ఒక వాదన లేచింది. ఆ వీధిలోనే ఒక పసిబిడ్డ పుట్టిన రెండో రోజున, జ్ఞానస్నానం పొందకుండానే, ఆసుపత్రిలో కన్నుమూసింది. "పాపం, ఆ బిడ్డకు మోక్షం లేదు. లింబోలో ఉంటుంది. శ్రీసభ చెప్పేది అదే" అన్నారు ఒక పెద్దాయన. సెలవుకు వచ్చిన ఆయన మనవడు ఊరుకోలేదు. "అది ఎప్పటి మాట తాతయ్యా? లింబోను పోపుగారు ఎప్పుడో రద్దు చేశారు. జ్ఞానస్నానం ఉన్నా లేకున్నా అందరూ మోక్షానికే పోతారని ఇప్పుడు శ్రీసభ చెబుతోంది" అన్నాడు. ఇక ఇద్దరూ నా వంక చూశారు, తీర్పు చెప్పమన్నట్టు.

ఇద్దరి మాటా సరైనది కాదు. తాతగారు చెప్పినదాన్ని శ్రీసభ ఏనాడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. మనవడు చెప్పినదాన్ని శ్రీసభ ఏనాడూ అననే లేదు. ఇద్దరూ తమ తమ అభిప్రాయాలను శ్రీసభ నోట పెట్టారు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ఆ బిడ్డ అమ్మమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని వింటూనే ఉంది. ఆ సంగతి వాళ్లు గమనించలేదు. నేనూ ఆలస్యంగానే గమనించాను.

ఒక క్రైస్తవుడు దేన్ని "ఇది నా అభిప్రాయం" అని చెప్పుకోవచ్చు, దేన్ని అలా చెప్పుకోకూడదు అన్నదే ఈ వారం మన పాఠం. ఇది పండితుల గొడవ, మనకెందుకు అనుకోకండి. దీనివల్ల ఇళ్లలో కన్నీళ్లు కారాయి. అలా కన్నీళ్లు పెట్టించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ కథ తరువాత చెబుతాను.

ముందు పునీత పౌలుగారి దగ్గరకు వెళదాం. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ ఏడవ అధ్యాయం తీసి చూడండి. వివాహం గురించి ఆ సంఘం వారు అడిగిన ప్రశ్నలకు ఆయన అక్కడ జవాబిస్తున్నాడు. భార్యాభర్తలు విడిపోరాదన్న చోట, ఇది నా ఆజ్ఞ కాదు, ప్రభువు ఆజ్ఞ అని స్పష్టం చేస్తాడు. రెండు వచనాలు దాటగానే, అవిశ్వాసితో కాపురం చేస్తున్న వారి సంగతి వచ్చేసరికి, ఇది చెబుతున్నది నేనే, ప్రభువు కాదు అంటాడు. అవివాహితుల విషయంలోనైతే ప్రభువు ఆజ్ఞ ఏదీ తన వద్ద లేదనీ, తన అభిప్రాయం చెబుతున్నాననీ ఒప్పుకుంటాడు. అపొస్తలుడై ఉండి, పవిత్రాత్మ ప్రేరణతో రాస్తూ కూడా, ఏది ప్రభువు మాటో ఏది తన మాటో విడదీసి చూపించాడు. మనం టీ తాగుతూ మాట్లాడేటప్పుడు ఆ పాటి జాగ్రత్త పడనక్కరలేదా?

శ్రీసభ కూడా తన బోధనలన్నింటినీ ఒకే తూకంలో పెట్టదు. విచారణ బాధ్యత స్వీకరించేటప్పుడు మేము గురువులం విశ్వాస ప్రమాణం చేస్తాం. 1989 నుండి వాడుకలో ఉన్న ఆ ప్రమాణంలో, మీరు ఆదివారం చెప్పే విశ్వాస సంగ్రహం అయిపోయాక, ఇంకో మూడు వాక్యాలు ఉంటాయి. మొదటిది, దేవుడు బయలుపరచగా శ్రీసభ విశ్వసించవలసిందిగా ప్రకటించిన సత్యాల గురించి. త్రిత్వైక సర్వేశ్వరుడు, దేవుని కుమారుడు మనుష్యుడు కావడం, దివ్యసత్ప్రసాదంలో క్రీస్తు నిజసాన్నిధ్యం, మరియమాత నిష్కళంకోద్భవం, మోక్షారోపణం, ఇవన్నీ ఆ కోవకు చెందుతాయి. రెండవది, ఆ సత్యాలతో విడదీయరానంత ముడిపడి ఉన్నందున శ్రీసభ శాశ్వతంగా నిర్ణయించిన బోధనల గురించి. గురుపట్టం పురుషులకే ఇవ్వగలమని జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు 1994లో చెప్పినది అలాంటిది. మూడవది, తుది నిర్ణయంగా ప్రకటించకపోయినా జగద్గురువులు, మేత్రాణులు తమ అధికారంతో బోధించేది. దీన్ని మనసుతోనూ చిత్తంతోనూ భక్తిపూర్వకంగా స్వీకరించాలని రెండవ వాటికన్ మహాసభ కోరింది.

ఈ మూడింటికీ అవతల చాలా పెద్ద మైదానం ఉంది. పండితుల అభిప్రాయాలు, భక్తాచారాలు, మన అమ్మమ్మలు చెప్పిన మాటలు అక్కడ ఉంటాయి. అక్కడ ఉన్నంత మాత్రాన అవి అబద్ధాలని కాదు. వాటిని ఒప్పుకోనివాణ్ణి అవిశ్వాసి అనడానికి మనకు హక్కు లేదు, అంతే.

శ్రీసభ చరిత్రలో ఆ మైదానంలో పెద్ద పెద్దవాళ్లు తలపడ్డారు. మరియమాత నిష్కళంకోద్భవం 1854లో విశ్వాస సత్యమైంది. అంతకుముందు ఎన్నో శతాబ్దాలు దాని మీద వాదన నడిచింది. ఇప్పుడు మనం నమ్ముతున్న రీతిలో దాన్ని పునీత తోమాసు అక్వినాసు గారే ఒప్పుకోలేకపోయారు. ఇరుపక్షాలూ ఒకరినొకరు మతద్రోహులని తిట్టుకుంటుంటే 1483లో నాల్గవ సిక్స్తుస్ పోపుగారు ఆ తిట్లను నిషేధించారు. దేవవరప్రసాదానికీ మానవుని స్వేచ్ఛకూ ఉన్న సంబంధం గురించి దోమినికన్ సభవారూ యేసుసభవారూ రోములో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 1607లో ఐదవ పౌలు పోపుగారు ఎవరి పక్షమూ తీర్పు చెప్పకుండా, ఎవరి అభిప్రాయం వారు ఉంచుకోండి, అవతలివారిని తప్పుపట్టకండి అని ఇళ్లకు పంపేశారు. ఆ తీర్పు నేటికీ రాలేదు. (సెమినరీలో ఈ వాదన మీద నేను రాసిన పరీక్షలో మార్కులు చాలా తక్కువ వచ్చాయి. అది వేరే సంగతి.)

ఇక లింబో. మన పెద్దవాళ్లకు ఇది విశ్వాస సత్యమంత బలంగా నాటుకుపోయింది కనుక కొంచెం నిదానంగా చూద్దాం.

ఐదవ శతాబ్దంలో పెలాగియుసు అనుచరులు పసిబిడ్డల్లో జన్మపాపం లేదని వాదించారు. పునీత అగుస్తీనుగారు వారిని ఎదిరించారు. జన్మపాపం ఉంది, దాన్ని కడిగేది జ్ఞానస్నానం, కాబట్టి అది లేకుండా చనిపోయిన బిడ్డలకు శిక్ష తప్పదు, అయితే అది శిక్షలన్నిటిలో అతి తేలికైనది అన్నారు. ఆ మాట ఆయనకూ మింగుడుపడలేదు. పునీత జెరోముగారికి రాసిన లేఖలో, పసిబిడ్డల శిక్ష ప్రస్తావన వస్తే తనకు జవాబు తోచడం లేదని ఒప్పుకున్నారు. అంతటి మహా పండితుడికి కలిగిన సంకోచం ఆ తరువాత ఆయన మాటను వల్లించిన చాలామందికి కలగలేదు.

మధ్యయుగాల్లో పండితులు ఆ కాఠిన్యాన్ని తగ్గించడానికి చూశారు. లాటినులో లింబుస్ అంటే అంచు, మన చీర అంచు లాంటిది. నరకానికి అంచున, బాధ ఏమీ లేని ఒక స్థితిలో ఆ బిడ్డలు ఉంటారని చెప్పారు. వారికి దుఃఖం లేదు, సహజమైన ఆనందం కూడా ఉంది, దేవుని ముఖాముఖి దర్శనం మాత్రం లేదు అన్నారు తోమాసుగారు. అంటే లింబో అనే మాట పుట్టింది తల్లులను ఏడిపించడానికి కాదు, వారి దుఃఖం తగ్గించడానికి. కాలం గడిచేకొద్దీ ఆ ఓదార్పే ఒక గోడ అయి కూర్చుంది. ఇటలీలోని పిస్తోయాలో జరిగిన ఒక సభ లింబోను కట్టుకథగా కొట్టిపారేసినప్పుడు, 1794లో ఆరవ పియూస్ పోపుగారు ఆ కొట్టివేతను ఖండించారు. అయినా లింబో ఉందని విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పదవ పియూస్ గారి సత్యోపదేశంలో లింబో ఉంది. మన తాతల తరం నేర్చుకున్నది ఆ వరసలోనిదే. కనుక ఆ పెద్దాయన కల్పించి చెప్పారని నేననను. నేర్చుకున్నదాని బరువు ఎంతో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

1992లో వచ్చిన కతోలిక శ్రీసభ సత్యోపదేశంలో లింబో అన్న మాటే లేదు. 1261వ పేరా చూడండి. జ్ఞానస్నానం లేకుండా మరణించిన బిడ్డలను శ్రీసభ దేవుని దయకు అప్పగిస్తుంది. మానవులందరూ రక్షణ పొందాలని కోరే దేవుడు, చిన్నబిడ్డలను తన యొద్దకు రానివ్వమన్న యేసు, వారికి ఒక మార్గం చూపుతారని ఆశించడానికి మనకు ఆధారముందని అక్కడ చెప్పారు. ఆ తరువాత అంతర్జాతీయ దైవశాస్త్ర సంఘం ఈ ప్రశ్నను ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. జగద్గురువులు పదహారవ బెనెడిక్టు గారి అనుమతితో ఆ పత్రం 2007 ఏప్రిల్‌లో వెలువడింది. 'లింబో రద్దు' అని అప్పట్లో పత్రికలు రాశాయి. మనవడు విన్నది అదే. పత్రం చెప్పింది వేరు. లింబో ఎన్నడూ విశ్వాస సత్యం కాదు, పండితుల అభిప్రాయంగా ఇప్పటికీ ఉంచుకోవచ్చు, కానీ ఆ బిడ్డలు రక్షణ పొంది దేవుని దర్శిస్తారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయి అని చెప్పింది. ఆశ అన్నది, నిశ్చయ జ్ఞానం అనలేదు. ఇందులో రద్దు చేయడానికి ఏముంది? లేని చట్టాన్ని ఎవరు రద్దు చేస్తారు?

ఇప్పుడు నా కథ.

గురువునైన తొలి ఏళ్లలో నేను ఒక పల్లె విచారణలో ఉన్నాను. ఒక తల్లికి తొలికాన్పులో పుట్టిన మగబిడ్డ మూడోనాటి ఉదయం చనిపోయాడు. నాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. బిడ్డను సమాధుల దొడ్డి కంచెకు బయట, కాలవ గట్టున పూడ్చాలని సంఘపెద్దలు అనుకుంటున్నారు. ఎప్పటినుంచో అదే ఆనవాయితీ అన్నారు. నేను తల ఊపాను. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం, తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని ఉంటే, మేత్రాణుల అనుమతితో ఆ బిడ్డకు శ్రీసభ అంత్యక్రియలు జరిపించవచ్చు. నేను అనుమతి అడగనే లేదు.

నాలుగు రోజులయ్యాక ఆ తల్లి తన తల్లిని తోడు తెచ్చుకుని గుడి దగ్గరకు వచ్చింది. "మా బాబు ఎక్కడున్నాడు ఫాదర్ గారూ?" అని అడిగింది. సెమినరీ నుండి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, తల నిండా చదువు. లింబో గురించి చెప్పాను. అక్కడ బాధ ఉండదమ్మా, బాబు హాయిగానే ఉంటాడు అన్నాను. ఆమె చాలాసేపు నేల చూస్తూ కూర్చుని, "అయితే నేను పోయాక నాకు కనబడడా అండి?" అంది. నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకుంటే సరిపోయేది. "శ్రీసభ అలా చెబుతుందమ్మా" అన్నాను.

శ్రీసభ అలా చెప్పలేదు. నేను చెప్పాను. 1992 సత్యోపదేశం ఇంగ్లీషు ప్రతి ఆనాడు నా బల్లమీదే ఉంది. దాన్ని తిరగేసే ఓపిక నాకు లేకపోయింది.

2007లో ఆ పత్రం చదివాక ఆ ఊరికి వెళ్లాను. అప్పటికి నేను రెండు విచారణలు మారాను. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది బడికి పోతోంది. నేను ఆనాడు చెప్పింది తప్పని, అది శ్రీసభ మాట కాదని చెప్పి క్షమించమన్నాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. మజ్జిగ తెచ్చి ఇచ్చి, అప్పుడు చెప్పింది: "మీరు ఆ మాట అన్నాక రెండేళ్లు నేను పూజకు వచ్చాను గానీ సత్ప్రసాదం తీసుకోలేదండి. నా బిడ్డ లేని చోటికి నేను మాత్రం ఎందుకు పోవాలి అనిపించింది."

తూకం తెలియకుండా మాట్లాడితే జరిగేది ఇది. తేలికదాన్ని బరువుగా చూపించి ఒక తల్లిని రెండేళ్లు బలిపీఠానికి దూరం చేశాను.

మనవడి పొరపాటు దీనికి తిరగబడ్డది. బరువైనదాన్ని తేలిక చేయడం. జ్ఞానస్నానం అవసరమన్నది అభిప్రాయం కాదు. నీటివలనా ఆత్మవలనా తిరిగి జన్మించాలని నికోదేముకు చెప్పింది ప్రభువే. దేవుడు రక్షణను జ్ఞానస్నానంతో ముడివేశాడు, తాను మాత్రం ఆ ముడికి బందీ కాడు అన్నది శ్రీసభ బోధన. రెండో సగం పట్టుకుని మొదటి సగం వదిలేస్తే ఎలా? మేనమామ దుబాయి నుండి రావాలనీ, హాలు దొరకలేదనీ ఏడాది పాటు జ్ఞానస్నానం వాయిదా వేసే కుటుంబాలు మా విచారణలోనే ఉన్నాయి. బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే జ్ఞానస్నానం ఇప్పించాలని శ్రీసభ చట్టం చెబుతుంది. బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే గురువు కోసం ఎదురుచూడనక్కరలేదు. తండ్రి, నర్సు, ఎవరైనా సరే, శ్రీసభ చేసేదే చేయాలన్న ఉద్దేశంతో మామూలు నీళ్లు బిడ్డ తలమీద పోస్తూ, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నానని చెబితే అది నిజమైన జ్ఞానస్నానమే. కాన్పుకు వెళ్లే ప్రతి ఇంట్లో ఒకరికైనా ఇది తెలిసి ఉండాలి.

నైతిక విషయాల్లోనూ ఈ రెండు పొరపాట్లే చూస్తుంటాను. గర్భంలోని బిడ్డను తీయించుకోవడం గురించి "అది మా సొంత నిర్ణయం, ఎవరి అభిప్రాయం వారిది" అన్న దంపతులు నాకు తెలుసు. నిరపరాధి ప్రాణం తీయరాదన్నది అభిప్రాయాల మైదానంలోది కాదు. దాన్ని ఏ పోపుగారూ మార్చలేరు. అయితే ఆ తప్పు చేసి కుమిలిపోతున్న ఆమెకు పాపసంకీర్తనంలో క్షమాపణ లేదని చెప్పడం కూడా అంతే అబద్ధం. ఆ రెండో అబద్ధం మన ఆడవాళ్ల మధ్య ఎక్కువగా తిరుగుతోంది.

మరణశిక్ష సంగతి చూడండి. పాత సత్యోపదేశాలు దాన్ని కొన్ని సందర్భాల్లో ఒప్పుకున్నాయి. 2018లో జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు 2267వ పేరాను మార్పించి, అది ఆమోదయోగ్యం కాదని చెప్పించారు. ఘోరమైన నేరం జరిగిన ప్రతిసారీ "ఉరితీయాలి" అని ముందుగా అనేది మన ఇళ్లలోనివారే. కోపం నాకూ వస్తుంది. కానీ ఇది ఇప్పుడు జగద్గురువుల అధికార బోధన. అంగీకరించడం కష్టమైనవారు దాన్ని చదివి, ఆలోచించి, ప్రార్థించాలి. "అది వారి అభిప్రాయం, ఇది నా అభిప్రాయం" అని భుజాలెగరేయడం కుదరదు. కుటుంబ నియంత్రణ గురించి 1968లో ఆరవ పౌలు పోపుగారు ఇచ్చిన బోధన విషయంలోనూ ఇదే చెబుతాను. అది చాలామంది దంపతులకు బరువుగా ఉందని నాకు తెలుసు. ఆ కష్టం తీసుకుని గురువు దగ్గరకు రండి, దాచుకోకండి.

అవతలి వైపున మృతదేహ దహనం ఉంది. నగరంలో సమాధి స్థలం దొరక్క దహనం చేయించిన ఒక కుటుంబాన్ని బంధువులు వెలివేసినంత పని చేశారు. దహనాన్ని శ్రీసభ 1963లోనే అనుమతించింది. పునరుత్థానాన్ని కాదనడానికి చేయకూడదు, పాతిపెట్టడమే మేలు, బూడిదను ఇంట్లో ఉంచుకోకుండా, గాలిలోనో నీళ్లలోనో కలపకుండా, పవిత్ర స్థలంలో భద్రపరచాలి అని 2016లో మరోసారి చెప్పింది. అంతకు మించి ఆ కుటుంబాన్ని నిందించే హక్కు ఎవరికీ లేదు.

మరి మనస్సాక్షి మాటేమిటి అంటారు. మనస్సాక్షి మాటకు లోబడాలి, నిజమే. అయితే మనస్సాక్షి అంటే నాకు నచ్చినది కాదు. నాకు నచ్చనిదాన్ని కూడా నాతో చెప్పగలిగేది. దానికి పోషణ కావాలి. దైవవాక్కు, శ్రీసభ బోధన, ప్రార్థన, తెలిసినవారితో సంప్రదింపు లేకుండా దాన్ని ఖాళీగా వదిలేస్తే, అది మన పక్కింటివాడి గొంతుతోనో సెల్‌ఫోనులో వచ్చిన వీడియో గొంతుతోనో మాట్లాడుతుంది.

లింబో గురించి మీ అభిప్రాయమేమిటి ఫాదర్ గారూ అని మీరు అడగవచ్చు. చెబుతాను. లింబో లేదని నేను అనుకుంటున్నాను. ఆ పసిబిడ్డలు దేవుని ముఖం చూస్తున్నారనీ, ఆ తల్లి తన కొడుకును చూస్తుందనీ నేను ఆశిస్తున్నాను. ఇది నా మాట. అలా ఆశించవచ్చన్నది మాత్రం శ్రీసభ మాట. జపమాల నాటి రాత్రి ఆ అమ్మమ్మతో కూడా ఇలాగే విడదీసి చెప్పాను. ఆమె రెండోసారి చెప్పించుకుని, కూతురికి ఫోను చేయించి మళ్లీ చెప్పించింది.

ఆ పల్లెలో కాలవ గట్టు ఇప్పుడు సిమెంటు రోడ్డు. 2007లో నేను వెళ్లిన రోజున ఆ తల్లి ఒక తుమ్మచెట్టును గుర్తుగా చూపించి, చోటు ఇదేనండి అంది. అక్కడే నిలబడి ప్రార్థన చెప్పి, ఆశీర్వదించిన తీర్థం చల్లాను. మీ విచారణలోనూ కంచె బయట అలాంటి చోట్లు ఉండే ఉంటాయి. పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. నవంబరు 2న సమాధులు ఆశీర్వదించడానికి గురువు వచ్చినప్పుడు ఆయనను అక్కడికి కూడా తీసుకువెళ్లండి. బిడ్డకు పేరు పెట్టి ఉంటే ఆ పేరు చెప్పండి. పెట్టకపోతే తల్లి పేరు చెప్పండి.